ఆయాసం ఉన్నవాళ్లు పాడటం ఎలా మొదలుపెట్టాలి

నాలుగు మెట్లెక్కితే ఎగశ్వాస వచ్చే మనిషిని పట్టుకుని "పాట పాడండి" అంటే వెటకారంలా వినిపిస్తుంది, నాకు తెలుసు. అయినా ఈ గైడ్ వాళ్ల కోసమే. సీఓపీడీ (ఊపిరి గొట్టాలు సన్నబడి, ఏళ్ల తరబడి ఆయాసం, దగ్గు వదలని జబ్బు) ఉన్నవాళ్లు, ఇంట్లో అలాంటి పెద్దవాళ్లను చూసుకుంటున్నవాళ్లు ఓపిగ్గా చదవండి. పాత టీబీ వల్లో ఇంకో కారణం వల్లో ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లకి కూడా ఇందులో చాలావరకు పనికొస్తుంది, కాకపోతే పరిశోధనలు ఎక్కువగా జరిగింది సీఓపీడీ మీదే.

ముందే ఒకటి తేల్చుకుందాం. పాటతో ఊపిరితిత్తులు బాగవవు. పాడైన గాలి సంచులు మళ్లీ మొలవవు, స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి ఎంతుందో కొలిచే పరీక్ష) రిపోర్టులో అంకెలు పెద్దగా మారవు. వాట్సాప్‌లో తిరిగే "రోజూ ఇన్నిసార్లు ఓంకారం చేసి ఇన్‌హేలర్ అవతల పారేయండి" లాంటివి నమ్మితే తేలేది ఎమర్జెన్సీ వార్డులోనే. పాట చేసే పని వేరు. ఉన్న ఊపిరిని ఎలా వాడుకోవాలో నేర్పుతుంది, ఆయాసం ముంచుకొచ్చినప్పుడు పుట్టే కంగారును తగ్గిస్తుంది. ఆ కంగారు చిన్న విషయం కాదు. ఆయాసం వస్తుందేమోనని బజారుకి పోవడం మానేసి, పెళ్లిళ్లు మానేసి, చివరికి వరండాలోకి రావడం కూడా మానేసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కదలకపోతే కాళ్ల కండరాలు కరిగి ఆయాసం ఇంకా పెరుగుతుంది.

సీఓపీడీ అంటే సిగరెట్లు తాగే మగవాళ్ల జబ్బు అనుకుంటారు గానీ మన దగ్గర కట్టెల పొయ్యి ముందు ముప్పై నలభై ఏళ్లు ఊదుగొట్టం పట్టుకుని కూర్చున్న ఆడవాళ్లకి కూడా ఇదే వస్తుంది. మన దేశంలో 2016 నాటికి సీఓపీడీ ఉన్నవాళ్లు దాదాపు 5.5 కోట్ల మంది అని అంచనా. వాళ్లలో చాలామందికి తమ జబ్బు పేరు కూడా తెలియదు, "వయసైపోయింది, దమ్ము" అని సరిపెట్టుకుంటారు.

పరిశోధనల్లో ఏం తేలింది

లండన్‌లోని రాయల్ బ్రాంప్టన్ ఆస్పత్రి వాళ్లు 2010లో ఒక చిన్న ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. వారానికి రెండు పాట క్లాసులు, ఆరు వారాలు. చివరిదాకా మిగిలినవాళ్లు క్లాసులకి వెళ్లినవాళ్లు, వెళ్లనివాళ్లు కలిపి 28 మందే. పాడినవాళ్లలో ఆందోళన తగ్గింది, ఒంట్లో బాగుందని చెప్పే స్కోరు పెరిగింది. నడిచే దూరం పెరగలేదు, ఊపిరి బిగబట్టే సమయమూ పెరగలేదు. ఇది నాకు నచ్చిన విషయం, పెరగనిది పెరగలేదనే రాశారు.

అయితే వెంటనే ఒక సందేహం వస్తుంది. నలుగురితో కలిసి కూర్చుని నవ్వుకుంటే ఎవరికైనా బాగానే ఉంటుంది కదా, అందులో పాట గొప్పేముంది? వాళ్లకీ అదే సందేహం వచ్చింది. 2012లో ప్రచురించిన రెండో ప్రయోగంలో సగం మందిని పాట క్లాసుకి, మిగతా సగం మందిని సినిమా క్లబ్‌కి పంపారు, ఎనిమిది వారాలు. సినిమాలు చూసినవాళ్లు కూడా సరదాగానే గడిపారు, కానీ శారీరక ఆరోగ్యం మెరుగైందన్న స్కోరు పాడినవాళ్లకే ఎక్కువ పెరిగింది. అంతకుముందు 2009లో బ్రెజిల్‌లో పాటను చేతిపనులతో పోల్చి చూస్తే రెండు గుంపుల్లోనూ రోజువారీ జీవితం బాగుందన్న స్కోరు పెరిగింది గానీ ఊపిరి బయటికి వదిలే కండరాల బలంలో మాత్రం పాడినవాళ్లకే కొంచెం మేలు కనిపించింది.

ఇవన్నీ చిన్నవి. 2017లో కాక్రేన్ (వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే సంస్థ) వాళ్లు అప్పటిదాకా వచ్చినవి జల్లెడ పడితే లెక్కలోకి తీసుకోదగ్గవి మూడే దొరికాయి, మొత్తం 112 మంది. నాణ్యత తక్కువ అని కూడా రాశారు. ఆ తర్వాత 2022లో డెన్మార్క్ నుంచి పెద్దది వచ్చింది: 11 మునిసిపాలిటీల్లో 270 మంది, పది వారాల పల్మనరీ రిహాబ్ (ఊపిరి జబ్బులవాళ్లకి వ్యాయామం, జాగ్రత్తలు నేర్పే శిక్షణ). అందులో ఒక గుంపుకి మామూలు వ్యాయామం, ఇంకో గుంపుకి దాని బదులు పాట. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో కొలిస్తే పాట గుంపు వ్యాయామం గుంపుకి తీసిపోలేదు. అలాగని వ్యాయామం మానేయమని కాదు. ఆ పాట క్లాసుల్లో నిలబడటం, ఒళ్లు వంచడం, తాళానికి కదలడం అన్నీ ఉంటాయి, కుర్చీలో జారబడి కూనిరాగం తీయడం కాదది.

కోవిడ్ తర్వాత ఆయాసం వదలనివాళ్ల కోసం ఇంగ్లిష్ నేషనల్ ఒపెరా, లండన్ ఇంపీరియల్ కాలేజ్ ఆస్పత్రులు కలిసి 2020లో ఆన్‌లైన్ క్లాసులు మొదలుపెట్టాయి. వాళ్లు ఎంచుకున్నవి జోలపాటలు. చిన్న చిన్న చరణాలు, పెద్దగా ఎత్తులు ఉండవు, గొంతు మీద బరువు పడదు. 150 మందితో చేసిన ట్రయల్లో మానసిక ఆరోగ్యం మెరుగైంది, ఒంటి స్కోరులో పెద్ద తేడా రాలేదు. జోలపాటలకి మనకేం కొదవ చెప్పండి.

అసలు లోపల ఏం జరుగుతుంది

సీఓపీడీలో గాలి లోపలికి పోవడం కన్నా బయటికి రావడమే కష్టం. గొట్టాలు సన్నబడి, సంచులు సాగిపోయి, పాత గాలి లోపలే ఇరుక్కుంటుంది. మనిషేమో "ఊపిరి అందట్లేదు" అని ఇంకా ఇంకా లోపలికే లాగుతాడు, భుజాలు పైకెత్తి, మెడ నరాలు బిగించి. దిగేవాళ్లు దిగకుండానే ఎక్కేవాళ్లు తోసుకునే ఆర్టీసీ బస్సు తలుపు దగ్గర ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. పాడాలంటే ఊపిరిని నెమ్మదిగా, సన్నగా, అదుపుతో వదలక తప్పదు. అందుకే పాట మంచి అభ్యాసం. పెదాలు సున్నాలా చుట్టి ఊదమని ఫిజియోథెరపిస్టులు చెప్పేది కూడా ఇందుకే, ఆ కాస్త అడ్డు ఉండటం వల్ల సన్నని గొట్టాలు ముందే మూసుకుపోకుండా తెరుచుకుని ఉంటాయి.

ఇక్కడే ఒక హెచ్చరిక. బలంగా ఊదితే ఆ గొట్టాలు ఇంకా మూసుకుంటాయి. కాబట్టి టీవీలో చూసి కపాలభాతి మొదలుపెట్టడం, ఊపిరి బిగబట్టే కుంభకాలు చేయడం మీ ఛాతీ డాక్టర్‌ని అడగకుండా వద్దు.

మొదలుపెట్టే ముందు

డాక్టర్‌ని కలిసినప్పుడు ఒక్క ముక్క చెప్పండి, పాట అభ్యాసం చేద్దామనుకుంటున్నాను అని. ఇంతవరకు స్పైరోమెట్రీ చేయించుకోకుండానే ఇన్‌హేలర్ వాడుతుంటే ముందు అది చేయించండి. హైదరాబాద్ ఎర్రగడ్డలోను, విశాఖలోను ప్రభుత్వ ఛాతీ ఆస్పత్రులు ఉన్నాయి. రెండు వారాలకి మించి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే ముందు టీబీ పరీక్ష, తర్వాతే పాట. టీబీ ఉన్న మనిషి నలుగురి మధ్య కూర్చుని పాడితే మిగతావాళ్లకి అంటుకోవచ్చు.

కఫంలో రక్తం పడుతున్నా, ఛాతీలో నొప్పి ఉన్నా, ఈమధ్యే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి గొట్టం వేయించుకున్నా, ఛాతీకో కడుపుకో కంటికో ఆపరేషన్ అయినా డాక్టర్ సరే అనేదాకా ఆగండి. కఫం రంగు మారి, ఆయాసం రోజూ కన్నా పెరిగి ఉన్న రోజుల్లో పాట వద్దు.

ఇన్‌హేలర్ పద్ధతి ఒకసారి సరిచూపించుకోండి, చాలామంది సరిగ్గా పీల్చరేమో అని నాకు అనుమానం. స్ప్రే రకమైతే స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే ప్లాస్టిక్ డబ్బా) పెట్టుకుంటే మందు గొంతులో కాకుండా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. లేకపోతే నోట్లో తెల్లగా పూత వస్తుంది, గొంతు బొంగురుపోతుంది, "నా గొంతు పాటకి పనికిరాదు" అని మీరనుకునేది అసలు పుక్కిలించకపోవడం వల్లే కావచ్చు. శ్రమకి ముందు వాడమని డాక్టర్ ఇచ్చిన త్వరగా పనిచేసే ఇన్‌హేలర్ ఉంటే పాటకి పావుగంట ముందు వాడండి, వాడకపోయినా చేతికందేచోట పెట్టుకోండి.

మొదటి రోజుల అభ్యాసం

తిన్న వెంటనే వద్దు, గంటన్నర ఆగండి. నిండిన పొట్ట కింద నుంచి నొక్కుతుంటే ఊపిరి ఆడదు. నేల మీద బాసింపట్టు వేసుకుని ముందుకు వంగి కూర్చుంటే కూడా అదే ఇబ్బంది, కాబట్టి చేతులు లేని గట్టి కుర్చీ తీసుకుని అంచుకి జరిగి కూర్చోండి, పాదాలు రెండూ నేలకి ఆనాలి. మెడ నిటారుగా, గడ్డం పైకెత్తకుండా. భుజాలు రెండు మూడుసార్లు గుండ్రంగా తిప్పి వదిలేయండి. దవడ కూడా వదులుగా ఉండాలి, ఆవలింత తీస్తే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఊపిరి తీసుకోవడంతో కాదు, వదలడంతో మొదలుపెట్టండి. పొట్ట మీద అరచెయ్యి పెట్టుకుని పళ్ల మధ్య నుంచి సన్నగా "స్స్స్" అంటూ వదలండి. ఊపిరి పూర్తిగా అయిపోయేదాకా లాగొద్దు, ఇంకా కాస్త మిగిలి ఉండగానే ఆపి, పొట్ట వదులు చేయండి. గాలి దానంతటదే లోపలికి వస్తుంది, మీరు పీల్చాల్సిన పని ఉండదు. ఇది కుదరడానికి కొందరికి వారం పడుతుంది, తొందరలేదు. మొదట రెండు లెక్కపెట్టేంతసేపు వదలగలిగినా చాలు. పక్కన మనవడు స్టాప్‌వాచ్ పట్టుకుని "తాతయ్యా, ఇంకో సెకను" అని అరవకూడదు, పందెం పెడితే మెడ బిగుసుకుపోతుంది.

తర్వాత "మ్మ్". పెదాలు మూసి, హాయిగా మాట్లాడే శ్రుతిలో, తుమ్మెద చప్పుడులా. ముక్కు దూలం దగ్గర, పెదాల మీద చిన్న అదురు తెలియాలి. తెలియట్లేదంటే గొంతు బిగించారన్నమాట. ఆ తర్వాత "మా", "మో", "మూ" అని ఒక్కో ఊపిరికి ఒక్కటి. ఫోన్లో తంబుర యాప్ పెట్టుకుంటే శ్రుతి ఆసరాగా ఉంటుంది. చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నవాళ్లైతే సరళీ స్వరాలు విలంబంలో, ఒక్క ఊపిరికి నాలుగు స్వరాలకి మించకుండా, మధ్య స్థాయి పంచమం దాటకుండా. ఒకప్పుడు పై షడ్జమం అవలీలగా పట్టేదాన్ని అని గుర్తు చేసుకుని ఇప్పుడు పట్టడానికి ప్రయత్నించే పిన్నిలు ఉంటారు, వాళ్లని ఆపండి.

ఇక పాట. పాటని ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. పొడుగు సమాసాలు, గమకాల మీద గమకాలు, నాటకాల్లో పద్యం చివర తీసే రాగం, ఇవన్నీ ఊపిరి నిండుగా ఉన్నవాళ్ల సరదాలు. కోలాటం పాటలు వేగం ఎక్కువ. మనకి కావలసింది జోలపాట, ఉయ్యాల పాట, లేదా భజన. భజన ఎందుకంటే ఒకరు అంటే మిగతావాళ్లు అందుకుంటారు, చెప్పేవాళ్లు చెబుతున్నంతసేపూ మీకు విశ్రాంతి. ఊపిరి జబ్బుల కోసమే తయారుచేసినట్టుంటుంది ఆ పద్ధతి. చర్చి పాటల్లోనూ, పొలం పాటల్లోనూ ఇలా అందుకునేవి బోలెడు, మీ ఇంటి అలవాటు ఏదైతే అది.

పల్లవిని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుని, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ పెన్సిల్‌తో నిలువు గీత పెట్టండి. రెండు మూడు మాటలకొక గీత. తాళం తప్పుతుందని మొహమాటపడొద్దు. గీత దగ్గరికి రాగానే ఊపిరి మిగిలి ఉన్నా సరే ఆగాలి, అలవాటయ్యేది అక్కడే. వారాలు గడిచే కొద్దీ కొన్ని గీతలు చెరిపేయొచ్చు, చెరపలేకపోయినా నష్టం లేదు. గట్టిగా పాడాల్సిన అవసరం అసలే లేదు, పక్క గదిలోకి వినిపించక్కర్లేదు.

మొత్తం కలిపి పావుగంట, మధ్యలో ఆపుతూ. రోజు విడిచి రోజు చేసినా సరిపోతుంది. కొన్నాళ్లకి నిలబడి, కుర్చీ వీపు పట్టుకుని, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మారుస్తూ పాడండి, కాళ్లకీ పని.

ఎంత ఆయాసం వస్తే ఆపాలి

సున్నా నుంచి పది దాకా లెక్క వేసుకోండి. సున్నా అంటే ఆయాసం లేదు, పది అంటే ఇంతకు మించి భరించలేను. మూడు నాలుగు వరకు ఫర్వాలేదు, ఐదు దాటితే ఆపేయండి. ఆపి, మోచేతులు తొడల మీద ఆన్చి ముందుకు వాలి, పెదాలు చుట్టి నెమ్మదిగా వదలండి, లోపలికి రెండు లెక్కిస్తే బయటికి నాలుగు. ఐదారు నిమిషాల్లో మామూలు కావాలి. కాకపోతే త్వరగా పనిచేసే మీ ఇన్‌హేలర్ వాడండి, దానికీ తగ్గకపోతే, లేదా పెదాలు నీలంగా మారినా, మాట తడబడినా, మగతగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. తల తిరుగుతున్నట్టుంటే మీరు గబగబా ఊపిరి తీసుకుంటూ ఉండొచ్చు, కూర్చుని నెమ్మది చేయండి.

రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే, వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ ఉంటే పాటకి ముందు, తర్వాత చూసుకోండి. ఏ అంకె కన్నా తగ్గకూడదో డాక్టర్‌నే అడిగి రాసుకోవాలి, రిహాబ్‌లో చాలాచోట్ల 88 శాతం దగ్గర గీత గీస్తారు. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకునేవాళ్లు పాడేటప్పుడు తీసేయొద్దు. అయితే దీపం, హారతి, గ్యాస్ పొయ్యి ఏదైనా సరే, ఆక్సిజన్ గొట్టానికి కనీసం పదడుగుల దూరంలో ఉండాలి. దేవుడి గదిలో కూర్చుని పాడతానంటే ఆ రోజు దీపం వెలిగించొద్దని చెప్పాల్సిందే, ఎంత గొడవైనా.

ఇంకోటి, ఆడవాళ్లు బయటికి చెప్పరు గనక రాస్తున్నా. దగ్గినా, గట్టిగా పాడినా మూత్రం చుక్కలు పడతాయని చాలామంది క్లాసులు మానేస్తారు. ఏళ్ల తరబడి దగ్గితే కటి కండరాలు వదులవుతాయి, దానికి వ్యాయామాలు ఉన్నాయి, ఫిజియోథెరపిస్ట్‌ని అడగండి.

నలుగురితో కలిసి

ఒంటరిగా కన్నా గుంపులో మేలు. వీధి చివర భజన మండలి ఉంటే అక్కడికే వెళ్లొచ్చు, కానీ వెళ్లే ముందు అక్కడి పెద్దతో రెండు విషయాలు మాట్లాడుకోండి. ఒకటి పొగ. అగరుబత్తులు, సాంబ్రాణి, కర్పూరం నిండిన మూసిన గదిలో సీఓపీడీ మనిషి పాడటం కన్నా ఇంట్లో ఊరికే కూర్చోవడం నయం. "అవి లేకుండా పూజేంటి" అంటారు, పూలు పెట్టుకోండి అని చెప్పండి. రెండు గాలి. పాడేటప్పుడు నోటి నుంచి సన్నటి తుంపర గాల్లోకి వెళ్తుంది. 2020 మార్చిలో అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక బృందగానం సాధనకి వచ్చిన 61 మందిలో 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు, అదంతా ఒక్క సాయంత్రం. కాబట్టి కిటికీలు తెరిచి, వీలైతే ఆరుబయట, జలుబు ఉన్నవాళ్లు ఆ వారం రాకుండా. ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకున్నారా అని మీరూ ఒకసారి చూసుకోండి.

పిల్లల దగ్గర బ్రిటన్‌లో ఉంటున్న అమ్మానాన్నలకైతే అక్కడ ఊపిరి జబ్బులవాళ్ల కోసమే శిక్షణ పొందినవాళ్లు నడిపే పాట బృందాలు చాలా ఊళ్లలో ఉన్నాయి. ఇంగ్లిష్ రాకపోయినా "మ్మ్", "ఊ" లకి భాష అక్కర్లేదు, పంపండి.

పాటంటే సిగ్గుపడేవాళ్లకి

మౌత్ ఆర్గాన్ కొనివ్వండి. అది ఊపిరి వదిలినా మోగుతుంది, పీల్చినా మోగుతుంది, అదే దాని అందం. అమెరికాలో సీఓపీడీ ఫౌండేషన్ వాళ్లు దీనితో ఒక కార్యక్రమమే నడుపుతున్నారు. చిన్నది, చవకది చాలు, మెల్లగా ఊదాలి, ఇంకొకరితో పంచుకోకూడదు, వాడాక అరచేతికి తట్టి తేమ పోగొట్టి ఆరబెట్టాలి. నాదస్వరం, శంఖం లాంటివి చాలా ఒత్తిడి అడుగుతాయి, వాటి జోలికి పోవద్దు.

న్యూయార్క్‌లో 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో 98 మందిలో ఒక గుంపుకి మామూలు చికిత్సతో పాటు వారానికోసారి, ఆరు వారాలు సంగీత చికిత్స ఇచ్చారు, అందులో పాట, ఊదే వాయిద్యాలు, పక్కన కూర్చుని వాయించే సంగీతం అన్నీ ఉన్నాయి. వాళ్లలో దిగులు, ఆయాసం తగ్గినట్టు రాశారు. మౌత్ ఆర్గాన్ కూడా వద్దంటే కనీసం నడకలో చెవిలో పాటలు పెట్టండి. రిహాబ్ అయిపోయాక ఇంట్లో నడక మానేయకుండా ఉండటానికి పాటలు వింటూ నడవడం ఉపయోగపడిందని 2002లోనే ఒక చిన్న అధ్యయనంలో తేలింది. మరీ హుషారైన డప్పు పాట పెడితే కాళ్లు దానితో పరిగెడతాయి, ఊపిరి వెనకబడుతుంది. మీ అడుగు కన్నా కొంచెం నెమ్మది పాట చూసుకోండి, రోడ్డు మీదైతే ఒక చెవికే.

పనిచేస్తోందా లేదా అన్నది నెల నెలా చూసుకోవాలి. క్యాట్ అనే ఎనిమిది ప్రశ్నల పత్రం ఉంటుంది, మొత్తం 40 మార్కులు, ఎంత తక్కువైతే అంత మంచిది. రెండు మార్కులు తగ్గినా మెరుగైనట్టే లెక్క. డాక్టర్ దగ్గర తెలుగు పత్రం అడగండి. దానికన్నా ఇంట్లోవాళ్లకి తెలిసే గుర్తులు వేరే ఉంటాయి, ఫోన్లో ఎంతసేపు మాట్లాడుతున్నారు, జడ వేసుకుంటూ ఎన్నిసార్లు ఆగుతున్నారు అన్నవి. రెండు మూడు నెలలకి కూడా ఏ తేడా లేకపోతే, పాడాలని కూడా అనిపించకపోతే, బలవంతం చేయకుండా ఫిజియోథెరపీ, నడకల మీదే దృష్టి పెట్టండి.

మధ్యలో ఛాతీ ఇన్ఫెక్షన్ వచ్చి ఆస్పత్రిలో పడితే ఇంటికి రాగానే ఆపిన పాట దగ్గర నుంచి అందుకోవద్దు. డాక్టర్ సరే అన్నాక మొదటి వారం "స్స్స్", "మ్మ్" మాత్రమే, రోజుకి ఐదు నిమిషాలు, తర్వాత పాత కాగితం తీసి చెరిపేసిన గీతలన్నీ మళ్లీ పెట్టుకోండి.